టైటస్ గారి పదకొండు మంది పిల్లలు, పిన్నిగారి పండుమిర్చి

మేము గుంటూరు బ్రాడీపేటలో పై వాటాలో ఉంటాం, కింది వాటాలో ఇంటివాళ్ళు. బాబాయిగారు రిటైరైన లెక్కల మాస్టారు, పిన్నిగారిని రిటైర్ చేద్దామని ఎవరికీ తోచలేదు. వాళ్ళ పెద్దబ్బాయి ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర సాల్టేర్ అనే చిన్న ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఆ ఊరంతా సర్ టైటస్ సాల్ట్ అనే 19వ శతాబ్దపు ఉన్ని మిల్లు యజమాని తన పనివాళ్ళ కోసం కట్టించిందని తెలిసిన దగ్గర్నుంచి బాబాయిగారికి తిండి మీద కూడా ధ్యాస లేదు, ఆ సాల్ట్ గారి వంశవృక్షం గీస్తున్నారు. నేను కిందికి దిగేసరికి డైనింగ్ టేబుల్ మీద సగం చార్టు, సగం పండుమిర్చి. విన్నది విన్నట్టు రాస్తున్నా.

పిన్నిగారు: ఏమండీ, ఆ కాగితం కాస్త అటు జరపండి. కాయలు తడారకుండా తొక్కితే పచ్చడి బూజు పడుతుంది. మీ దొరకి బూజు పట్టినా ఎవరికీ నష్టం లేదు.

బాబాయిగారు: జరిపితే చెరిగిపోతుందే. ఇక్కడ ఫానీ, ఇక్కడ హెర్బర్ట్, అన్నీ పెన్సిల్ గీతలు.

పిన్నిగారు: ఇంతకీ ఎంతమంది పిల్లలు ఆయనకి?

బాబాయిగారు: పదకొండు మంది.

పిన్నిగారు: ఆవిడకి అనండి. ఆయనదేం పోయింది.

బాబాయిగారు: సరే, ఆవిడకే. పేరు కారొలిన్, గ్రిమ్స్‌బీలో విట్లామ్ వారి అమ్మాయి. 1830లో పెళ్ళి. ఒక కొడుక్కి పుట్టింటి ఇంటిపేరే పెట్టారు, విట్లామ్ అని.

పిన్నిగారు: చూశారా! ఈ ఇంట్లో మా పుట్టింటి పేరు కుక్కపిల్లకైనా పెట్టనిచ్చారా?

బాబాయిగారు: మనకి కుక్కే లేదు కదే.

పిన్నిగారు: అదే, తేనివ్వలేదు.

(ఈ ముక్కకి జవాబు లేదు. బాబాయిగారు కూడా వెతకలేదు.)

బాబాయిగారు: అసలు గొప్పేంటంటే, రికార్డులు ముట్టుకోకుండానే సగం పనైపోయింది. ఆ ఊళ్ళో వీధులకి పెట్టినవి వీళ్ళ పేర్లే. కారొలిన్ స్ట్రీట్, జార్జ్ స్ట్రీట్, అమీలియా, ఫానీ, మేరీ, ఆడా... మనవాడుండేది హెలెన్ స్ట్రీట్, అంటే ఆయన కూతురి పేరు. ఊరి మ్యాపు తీసుకుంటే వంశవృక్షం చేతిలో పెట్టినట్టే. ఆర్కిటెక్టులు లాక్‌వుడ్, మాసన్, వాళ్ళ పేర్లతో కూడా వీధులున్నాయి.

పిన్నిగారు: ఇల్లు కట్టినవాళ్ళ పేరు వీధికి పెట్టాడా! మీరు మన మేస్త్రీకి ఇవ్వాల్సిన బాకీ ఇప్పటికీ ఇవ్వలేదు.

(పై వాటా గోడకి చెమ్మ దిగుతున్న సంగతి ఇక్కడ ఎత్తొచ్చు కానీ, నేను పెద్దమనిషిలా ఊరుకున్నా.)

పిన్నిగారు: అయినా మనముండేది బ్రాడీపేట, పక్కన అరండల్‌పేట. ఈ బ్రాడీ దొర, ఆ అరండల్ దొర ఎవరో, వాళ్ళకి పిల్లలెంతమందో ఎన్నడైనా కనుక్కున్నారా? ఉన్న ఊరు వదిలేసి అంత దూరం పోవాలా?

బాబాయిగారు: వాళ్ళకి మిల్లు లేదుగా. ఈయన సంగతి వేరు. 1836లో లివర్‌పూల్ గోడౌన్‌లో ఆల్పాకా ఉన్ని బేళ్ళు పడున్నాయి, పెరూ నుంచి వచ్చిన సరుకు, ఎవరూ కొనట్లేదు. ఈయన చూశాడు, కొన్నాడు. పడుగుకి నూలు వేసి, పేకకి ఆ ఉన్ని నేయిస్తే పట్టులా మెరిసే బట్ట వచ్చింది, ఆడవాళ్ళు ఎగబడి కొన్నారు. అంతే, దశ తిరిగిపోయింది. తర్వాత బిరుదొచ్చాక కుటుంబ చిహ్నంలో కూడా ఆల్పాకా బొమ్మే వేయించుకున్నాడు.

పిన్నిగారు: ఎవరూ కొనని సరుకు కొనడం మీక్కూడా వచ్చుగా. ఆ మసాజ్ కుర్చీ కొన్నారు, దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నాం.

బాబాయిగారు: ఆ ఊళ్ళో అయితే నీ పప్పులుడకవు. ఇళ్ళ ముందు బట్టలు ఆరేయడం ఆయనకి గిట్టేది కాదంటారు. అందుకే ఉతుక్కోడానికి వేరే ఇల్లు కట్టించాడు. ఊళ్ళో మందు దుకాణం కూడా పెట్టనివ్వలేదు.

పిన్నిగారు: ఆ రెండో మాట ముందు చెబితే నేనే టేబుల్ ఖాళీ చేసేదాన్నిగా! మా తమ్ముణ్ణి పంపుదామా ఓ ఆర్నెల్లు?

ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది, చేతులు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. ఒక్కో కాయ తడిగుడ్డతో తుడవడం, తొడిమ దగ్గర గోరుతో చిన్న మెలి, తొడిమ ఇటు, కాయ అటు. అలా ఎగిరిన తొడిమ ఒకటి వెళ్ళి సరిగ్గా చార్టులో ఎడ్వర్డ్ పేరు మీద పడింది. బాబాయిగారు దాన్ని తీసిన వేలితోనే కళ్ళజోడు కింద గోక్కున్నారు. ఆ తర్వాత కాసేపు వంశచరిత్ర ఆగింది, చన్నీళ్ళు, కేకలు.

పిన్నిగారు: ఎవరు చెయ్యి పెట్టమన్నారు? సరే చెప్పండి, డబ్బులు కట్టి చూస్తున్న ఆ లెక్కలేంటి? కార్డులో పౌండ్లు పోయినట్టు మెసేజ్ నా ఫోన్‌కే వచ్చింది.

బాబాయిగారు: (కన్ను మూసుకునే) జనాభా లెక్కలే. అక్కడ పదేళ్ళకోసారి ఇంటింటికీ రాసిన కాగితాలు దాచిపెట్టి, వందేళ్ళు నిండాక బయటపెడతారు. 1921 వాటిని 2022లో వదిలారు. జనన మరణాలు ప్రభుత్వం రాయడం 1837లో మొదలైంది. అంతకుముందు కావాలంటే చర్చి రిజిస్టర్లు చూసుకోవాలి. 1841 లెక్కల్లో ఒక తమాషా ఉంది, పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసు ఐదుకి తగ్గించి రాయమన్నారు. ముప్పై తొమ్మిదుంటే ముప్పై ఐదన్నమాట.

పిన్నిగారు: మీ పెద్దక్కయ్య ఇప్పటికీ ఆ లెక్కే వాడుతోంది.

బాబాయిగారు: మా అక్క జోలికి రాకు. నా తలనొప్పి వేరే ఉంది. తండ్రి టైటస్, కొడుకు టైటస్. ఏ కాగితంలో ఏ టైటసో తేల్చడానికే సగం రాత్రి పోతోంది.

పిన్నిగారు: తండ్రి బతికుండగానే తండ్రి పేరు పెట్టారా కొడుక్కి? తాత పేరు పెట్టాలని చెప్పేవాళ్ళే లేరా ఆ ఊళ్ళో? సరే, ఆ పిల్లాడికి ఎవరినిచ్చారు?

నిజం చెప్పాలంటే ఇక్కణ్ణుంచి కథ మారింది. బాబాయిగారికి తేదీలు కావాలి, పిన్నిగారికి సంబంధాలు కావాలి, చార్టు మీద గీతలు కలిసేది మాత్రం ఈ రెండోవాటితోనే.

బాబాయిగారు: కేథరిన్ అని, హాలిఫాక్స్‌లో క్రాస్లీ వారి పిల్ల. తివాచీల మిల్లులు వాళ్ళవి.

పిన్నిగారు: బట్టలవాళ్ళు తివాచీలవాళ్ళతో వియ్యం అందారా, సరిజోడే. మరి పెద్దకొడుక్కేం ఇచ్చారు?

బాబాయిగారు: 1869లో తండ్రికి బారోనెట్ అనే బిరుదిచ్చారు, అది వంశపారంపర్యం, పెద్దకొడుకు విలియం హెన్రీకి వచ్చింది. మిల్లు మటుకు ఎక్కువగా ఈ చిన్న టైటసే చూసుకున్నాడు.

పిన్నిగారు: పెద్దాడికి సర్ అని పిలిపించుకోడం, చిన్నాడికి చాకిరీ. మా బావగారు, మీరు. ఆస్తి బాగా మిగిలిందా?

బాబాయిగారు: అదే విడ్డూరం. పెద్దాయన 1876 డిసెంబరులో పోయాడు, అంత్యక్రియలకి దారి పొడవునా లక్షమంది నిలబడ్డారు. దానధర్మాలే రెండున్నర లక్షల పౌండ్లు దాటాయంటారు. తీరా చూస్తే ఇంట్లోవాళ్ళు అనుకున్నంత లేదు. 1881లో కంపెనీ చేశారు, 1887లో చిన్న టైటస్ పోయాడు, 1890లో అమెరికావాళ్ళు సుంకాలు పెంచేశారు, 1892కల్లా కంపెనీ చేతులెత్తేసింది. మరుసటేడు బయటివాళ్ళు కొనుక్కున్నారు.

పిన్నిగారు: అప్పుడూ అమెరికావాళ్ళేనా! మన రొయ్యలవాళ్ళకి చెప్పండి, కాస్త ఊరటగా ఉంటుంది. ఇంతకీ ఆ హెలెన్ ఏమైంది? వీధికి పేరు పెట్టారు సరే, ఎవరింటికెళ్ళింది?

బాబాయిగారు: అది... ఆడపిల్లల వైపు ఇంకా చూడలేదు.

పిన్నిగారు: పౌండ్లు కట్టి మగవాళ్ళనే చూశారా? పోనీండి. మీ ముత్తాత పేరు చెప్పండి.

బాబాయిగారు: ఏ ముత్తాత?

పిన్నిగారు: మీ నాన్నగారి తాత. సాల్ట్ గారి ముత్తాత కాదు.

బాబాయిగారు: సుబ్బయ్య... కాదు, వెంకటసుబ్బయ్య... మా ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టి పెట్టి మొత్తానికి రెండే పేర్లు తిరుగుతున్నాయే, గుర్తుండవు.

పిన్నిగారు: మా నాన్నకి గుర్తున్నాయి. సంబంధం కుదిరేముందు మీ ఊరు వెళ్ళారు. ఆయన ఏ వెబ్‌సైటుకీ డబ్బులు కట్టలేదు. బస్సు దిగి టీ కొట్టు దగ్గర కూర్చున్నారు, క్షవరం చేయించుకున్నారు, గుళ్ళో పూజారితో మాట్లాడారు. పొద్దుపోయేలోపు మీ వంశమంతా తెలిసిపోయింది. డొక్కల కరువులో పొట్ట చేతబట్టుకుని ఆ ఊరొచ్చిన కుటుంబం మీది.

బాబాయిగారు: డొక్కల కరువా? 1832–33. టైటస్ గారి పెళ్ళైన రెండేళ్ళకి! నాకెందుకు చెప్పలేదు?

పిన్నిగారు: అడిగారా? ఇంకో సంగతి కూడా తేలింది. మీ ముత్తాత అసలు మీ ఇంటిపేరువాడు కాదు.

బాబాయిగారు: ఏంటీ!

పిన్నిగారు: దత్తుడు. మేనత్తకి పిల్లల్లేకపోతే ఆయన్ని పెంచుకోమని ఇచ్చారట.

బాబాయిగారి మొహం చూడాలి. రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, ఒకటి మిరపకాయ వల్ల, రెండోది దేనివల్లో చెప్పలేను.

బాబాయిగారు: మరి... అసలు ఇంటిపేరేంటి?

పిన్నిగారు: ఈ గంపలో కాయలకి తొడిమలు తీయండి, చెబుతా.

బాబాయిగారు: గంపంతానా? ఒక్క పేరుకి?

పిన్నిగారు: మీ వెబ్‌సైటువాళ్ళు ఊరికే చెప్పారా? గంపకి ఒక పేరు. ఊరు కూడా కావాలంటే రేపు ఉప్పూ చింతపండూ కలిపి మీరే తొక్కాలి.

బాబాయిగారు గంప ముందుకి లాక్కున్నారు. మర్యాదగా నేనూ నాలుగు కాయలు తీసుకున్నా. అదే పొరపాటు.

పిన్నిగారు: అన్నట్టు బాబూ, నీకింకా పెళ్ళి కాలేదు కదూ? మీ అమ్మమ్మగారిది ఏ ఊరన్నావు?