టీఎంటీ రిపోర్టులో ఆ ఒక్క మాట తీసేయండి

గుండె నాళాల్లో పూడిక జాడ వెతికే ట్రెడ్‌మిల్ పరీక్ష (టీఎంటీ) రిపోర్టు చేతికి రాగానే కళ్లు చివరి వాక్యం మీదికే పోతాయి. పాజిటివ్ అని ఉంటే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. నెగెటివ్ అని ఉంటే గుండెకు ఢోకా లేదని ఊపిరి పీల్చుకుంటారు. రెండూ తొందరపాటే. అసలు పాజిటివ్, నెగెటివ్ అన్న మాటే రిపోర్టులో ఉండకూడదు.

ఒకాయన వేగం, వాలు మెట్టుమెట్టుగా పెంచే బ్రూస్ పద్ధతిలో 9 నిమిషాలు నడిచాడనుకుందాం. గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలుతో మొదలుపెట్టి, 3 నిమిషాలకోసారి పెంచుతూ 5.5 కిలోమీటర్లు, 14 శాతం వాలు దాకా వెళ్లాడు. నొప్పి లేదు. ఈసీజీ గీతలో ఎస్టీ అనే భాగం (గుండెకు రక్తం చాలకపోతే కిందికి దిగేది) 1 మిల్లీమీటరు దిగింది. ఇంకొకాయన నాలుగో నిమిషానికే ఛాతీ పట్టేసి ఆపేయమన్నాడు. ఎస్టీ 2 మిల్లీమీటర్లు దిగింది. ఇద్దరికీ పాజిటివ్ ముద్రే! ముప్పును అంచనా వేసే డ్యూక్ స్కోరు వేసి చూడండి. నడిచిన నిమిషాల్లోంచి ఎస్టీ తేడాకు 5 రెట్లు, నొప్పి అంకెకు 4 రెట్లు తీసేయాలి. నొప్పి లేకపోతే 0, వస్తే 1, నొప్పి వల్లే ఆపాల్సి వస్తే 2. మొదటాయనకు 4 వస్తుంది. ఇంకొక్క పాయింటుంటే ముప్పు తక్కువ వర్గంలో చేరేవాడు. రెండో ఆయనకు మైనస్ 14. మైనస్ 11కే ముప్పు ఎక్కువ వర్గం మొదలవుతుంది.

నెగెటివ్ సంగతీ అంతే. పరీక్ష పూర్తయినట్టు లెక్కించాలంటే అరవై ఏళ్ల మనిషి గుండె వేగం నిమిషానికి 136కి చేరాలి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వేసుకునే వచ్చి 110 దగ్గర ఆగిపోతే అది సగంలో ఆగిన పరీక్ష, నెగెటివ్ కాదు. పైగా నాళం 40 శాతం పూడినా నడకకు సరిపడా రక్తం అందుతుంది కాబట్టి ఈసీజీ మారదు. ఆ పూడిక పగిలి దాని మీద రక్తం గడ్డకడితే మాత్రం గుండెపోటే. అలాంటి పూడికను చూపేది గుండె నాళాలను స్కాన్ చేసే సీటీ యాంజియో. 2018లో వెలువడిన స్కాట్-హార్ట్ అనే అధ్యయనం ఫలితాల్లో 4,146 మందిని అయిదేళ్లు గమనిస్తే, గుండెపోటు లేదా గుండెజబ్బు మరణం మామూలు పద్ధతిలో 3.9 శాతం, సీటీ జోడించినవారిలో 2.3 శాతం. స్టెంట్లు, బైపాస్‌లు రెండు వైపులా దాదాపు సమానమే. సీటీ వైపు ఎక్కువగా మొదలైంది నివారణ మందులు.

రద్దీలో ఉన్న డాక్టరుకు ఒక్క మాట సౌకర్యమే, కాదనను. టీఎంటీ చౌక, రేడియేషన్ లేదు, మనిషి సత్తా ఎంతో చెబుతుంది. ఆ సత్తానే రాయమంటున్నాను: ఎన్ని నిమిషాలు, ఎంత గుండె వేగం, ఎందుకు ఆపారు.

అసలు లోపం ఇంకా ముందే ఉంది. జబ్బుండే అవకాశం 10 శాతమే ఉన్న వందమందిని ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే, జబ్బున్న పదిమందిలో ఏడుగురు దొరుకుతారు. లేని తొంభైమందిలోనూ సుమారు 20 మందికి పాజిటివ్ వస్తుంది. ఏ లక్షణమూ లేనివాళ్లకు హెల్త్ చెకప్ ప్యాకేజీలో టీఎంటీ కలిపితే జరిగేది ఇదే. జబ్బుండే అవకాశం ఎంతో ముందే తేల్చేది యంత్రం కాదు, రోగి చెప్పేది వినడం. నొప్పి ఛాతీ మధ్యలో బిగబట్టినట్టుందా? మెట్లెక్కితే వస్తోందా? ఆగితే అయిదు నిమిషాల్లో తగ్గుతోందా? మూడింటికీ అవునంటే ఒక లెక్క, ఒక్కదానికే అవునంటే ఇంకో లెక్క. ఊరికే కూర్చున్నా నొప్పి వస్తూ, రోజురోజుకూ ముదురుతోందంటే ఆ మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించనే కూడదు. వెంటనే అత్యవసర విభాగంలో ఈసీజీ, గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చూడాలి.