బీరువాలో బోర్డో

సీసాలు రెండు. రెండూ ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు 2010 నాటి రెడ్ వైన్. విమానాశ్రయంలో కొని తెచ్చిన బావ, మారేడ్‌పల్లి ఇంట్లో బీరువా అడుగు అరలో, పట్టుచీరల కింద పన్నెండేళ్లుగా పడుకోబెట్టాడు. ఒకటి ఇవాళే తీద్దామని బావమరిది పట్టు.

బావ: ఆగవోయ్. బోర్డోలో 2010 అంటే మాటలా? ఆ ఏడాది వైన్‌లో వగరూ పులుపూ దండిగా ఉంటాయి. ముప్పయ్యేళ్లు నిలిచే సరుకు. అమ్మాయి పెళ్లికి తీస్తాను.

బావమరిది: అన్నేళ్లు నిలిచేవి పేరున్న తోటల సీసాలు. అవైనా 12, 13 డిగ్రీల చల్లని నేలమాళిగలో ఉంటేనే. మీ బీరువా పడమటి గోడకు ఆనుకుని ఉంది. మే నెలలో ఆ గోడ మీద చెయ్యి పెట్టగలరా?

బావ: పాత బియ్యం కావాలంటావు, పాత చింతపండు కావాలంటావు. దీనికి మాత్రం తొందర. వగరునిచ్చే టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా దిగాలి. అప్పుడే వగరు మెత్తబడుతుంది. దానికి కాలం పట్టదూ?

బావమరిది: ఆవకాయ సంగతి చెప్పరేం? నూనె తేలని జాడీని ఎన్నేళ్లు దాస్తారు? ఇదిగో, ఈ మూతి చూడండి. రేకు ఉబ్బింది. వేడికి లోపలి వైన్ పొంగి బిరడాను పైకి తోసింది. పక్కన జిగురు చార కూడా ఉంది.

బావ: వెంట్రుకవాసి ఉబ్బు. అదో పెద్ద సాక్ష్యమా?

(నన్నడిగితే వాదన ఇక్కడే తేలిపోయింది. బావ ఒప్పుకునే మనిషి కాడు, అంతే.)

బావమరిది: అక్కతో చెప్పి నిన్ననే దీన్ని నిలబెట్టించాను, మడ్డి దిగాలని. తీస్తున్నాను.

బావ: మీ అక్కా తమ్ముళ్లు ముందే అనుకున్నారన్నమాట!

బిరడా సగంలో విరిగింది. మిగతా ముక్క మెల్లగా తీసి, మడ్డి కదలకుండా గ్లాసుల్లోకి వంచాడు. తెల్ల కంచం మీదుగా గ్లాసు వాల్చి చూస్తే నడుమ ముదురు ఎరుపు, అంచున ఇటుక రంగు.

బావ: వాసన చూడు! పొగాకు, తోలు, వానకు తడిసిన ఆకులు. దీని కోసమే జనం ఏళ్లు ఆగేది.

బావమరిది: వాసన బాగుంది, కాదనను. నోట్లో పోసుకోండి. పండు రుచి ఎక్కడ? ఎండు అంజీరు చప్పరించినట్టుంది, వెనకే వగరు నాలుకను పట్టేస్తోంది. పండు నిలిచి వగరు ఉంటే ఆగవచ్చు. పండు పోయి వగరే మిగిలితే ఇంకెందుకు ఆగడం?

బావ: గాలి తగలనీ. అరగంట ఆగు.

బావమరిది: పడుచు వైన్‌కైతే గాలి మంచిదే. ఇలా సత్తువ దిగుతున్నదానికి అరగంట చాలా ఎక్కువ.

పది నిమిషాలకు నేరేడు పండు లాంటి వాసన ఒకటి పైకి వచ్చింది. బావ మొహం వెలిగింది. ఇద్దరూ మాట్లాడకుండా తాగారు. ఇరవయ్యో నిమిషానికి ఆ వాసన లేదు.

బావ: వచ్చిందా లేదా? చెప్పు!

బావమరిది: వచ్చింది, వెళ్లింది. రెండోది ఈ సంక్రాంతికి తీసేద్దాం.

బావ: పెళ్లికి.

బావమరిది: పిల్ల ఇంకా తొమ్మిదో తరగతి, బావగారూ.

బావ: ...అయితే ఆ సీసా ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టు. పైన కొత్తిమీర వేయవద్దని మీ అక్కతో నువ్వే చెప్పు.