ఈసాప్ గారికి ఒక వాటాదారుడి విన్నపం

అనంతపురం,
16 సెప్టెంబరు 2025

మహారాజశ్రీ ఉద్యోగుల స్టాక్ ఆప్షన్ గారికి (అనగా జీతంతో పాటు ఉద్యోగికి ఇస్తామనే కంపెనీ వాటాలకు), అందరూ ముద్దుగా పిలుచుకునే ఈసాప్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న తేలిన తమ ధర చూశాక తమ క్షేమం అడిగే సాహసం చేయడం లేదు.

నిన్న మధ్యాహ్నమంతా తమ సేవలోనే గడిచింది. ఆదాయపు పన్ను రిటర్నుకు జులై 31 అన్న గడువు సెప్టెంబరు 15 అయిన సంగతి తమరికి తెలిసిందే. ఆ చివరి రోజున సుభాష్ రోడ్డులో మా ఆడిటర్ గారి గదిలో కూర్చుని, ఆదాయపు పన్ను పోర్టల్‌లో తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ ఉండిపోయాను. ఆయన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తెప్పించారు. పొట్లం ఖాళీ అయింది గానీ చక్రం ఆగలేదు. రాత్రికి ప్రభుత్వం వారే జాలిపడి ఇంకో రోజు పొడిగించారు. సరిగ్గా ఆ చక్రం తిరుగుతుండగానే ఫోనులో మా పాత కంపెనీ లేఖ వచ్చి వాలింది. నవంబరులో చేస్తామన్న బైబ్యాక్, అంటే మా వాటాలను కంపెనీయే తిరిగి కొనడం, మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా నిరవధికంగా వాయిదా పడిందట. తాజా పెట్టుబడుల దఫాలో తమ ధర 200 రూపాయలుగా తేలిందట. చివరన 'మీరెప్పటికీ మా కుటుంబ సభ్యులే' అని కూడా ఉంది. సంక్రాంతి వెళ్లిన వారానికే వీడియో కాల్‌లో ఇంట్లోంచి పంపేసిన కుటుంబం అది.

తమరిని నాకు పరిచయం చేసిన రోజు బాగా గుర్తుంది. జీతం కాస్త తక్కువే, కానీ అసలు సంపద వీరే అని చూపించారు. నాలుగేళ్లలో విడతలవారీగా నా సొంతమవుతారని, మొదటి ఏడాది నిండకుండా వెళితే ఒక్కరు కూడా రారని చెప్పారు. నాలుగేళ్లూ తమ కోసమే పనిచేశాను. ఉద్యోగం పోయాక తెలిసింది, తమరు సొంతం కావడమంటే కొనుక్కునే హక్కు రావడమేనని. అదీ 90 రోజుల్లోపే. ఆలోగా డబ్బు కట్టకపోతే తమరు కంపెనీ ఖాతాలోకి తిరిగి వెళ్లిపోతారు, నాలుగేళ్ల చాకిరీ గాలికి పోతుంది.

కట్టాను. ఒక్కొక్కటి పది రూపాయల చొప్పున 3,000 వాటాలకు 30,000 రూపాయలు. ఇంత చవకా అని మా అమ్మ సంబరపడింది. అప్పుడు పన్ను వచ్చింది. వాటాలకు విలువ కట్టే మర్చంట్ బ్యాంకర్ నివేదిక ప్రకారం తమ విలువ 800 రూపాయలు. పది పోగా మిగిలిన 790 నాకు ముట్టిన జీతమట! మొత్తం 23,70,000 రూపాయలు. ఆ ఏడాది అందుకున్న జీతంతోనే నేను 30 శాతం పన్ను మెట్టు ఎక్కి ఉన్నాను కనుక, దాని మీద సెస్సు కలిపి 7,39,440 రూపాయలు ముందు కడితేగానీ వాటాలు నా పేర రావన్నారు. మినహాయించుకోవడానికి జీతం లేదు కదా, అందుకని నన్నే పంపమన్నారు. నోటీసు కాలానికి ఇచ్చిన సొమ్ము, ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ కలిసి ఆ దారిన వెళ్లాయి. ఆ మర్చంట్ బ్యాంకర్ మహాశయుడిని ఒక్కటే అడగాలని ఉంది: అయ్యా, ఆ 800కు మీరు ఒక్క వాటా కొంటారా?

ఈ మధ్యలో రాయితీ ఒకటి ఉందని మిత్రుడొకడు ఆశపెట్టాడు. 2020 బడ్జెట్‌లో అంకుర సంస్థల (స్టార్టప్‌ల) ఉద్యోగులకు ఈ పన్నును కొన్నేళ్లు వాయిదా వేసే వెసులుబాటు ఇచ్చారు. తీరా చూస్తే అంకుర సంస్థగా గుర్తింపు ఉంటే చాలదు, అంతర్ మంత్రిత్వ శాఖల బోర్డు ధ్రువపత్రం కూడా ఉండాలి. మా కంపెనీకి అది లేదు. ఉన్నా ఒరిగేదేమీ లేదనుకోండి. వాటాలు అమ్మినా, గడువు తీరినా, ఉద్యోగం వదిలినా, ఏది ముందైతే దాని నుంచి 14 రోజుల్లో పన్ను పడుతుంది. జీతం ఆగిన మనిషి దగ్గరే పన్ను తొందరగా వసూలు చేయాలని ఎవరికి తోచిందో గానీ, వారి ముందుచూపుకు జోహార్లు.

నిన్న ఆడిటర్ గారు 12బీఏ ఫారం తీసి బల్ల మీద పరిచారు. యజమాని ఉద్యోగికి ఇచ్చిన సౌకర్యాల జాబితా అది. ఇల్లు, కారు, తోటమాలి, కాపలాదారు, గ్యాసు, కరెంటు, నీళ్లు, భోజనాలు, క్లబ్బు ఖర్చులు. ఆయన వేలు ఒక్కో వరస మీదుగా దిగుతుంటే అన్నిటికీ ఎదురుగా సున్నాలే. తమ వరస దగ్గరకు వచ్చేసరికి వేలు ఆగింది: 23,70,000. "పెద్ద మొత్తమే బాబూ" అన్నారు, అభినందిస్తున్నారో ఓదారుస్తున్నారో తెలియకుండా. ఉద్యోగం లేని నాకు మామూలు జీతగాళ్లు నింపే సహజ్ రిటర్ను ఫారం కూడా పనికిరాదట. స్టాక్ మార్కెట్‌లో నమోదు కాని కంపెనీలో వాటాదారుడిని కదా, నా హోదాకు రెండో నంబరు ఫారం కావాలి.

మా ఊరికి ఇలాంటి లెక్కలు కొత్త కాదు. 1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి (అప్పుడూ కంపెనీయే) అప్పగించాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. ఎంత పండిందని కాక నేలను బట్టి నగదులో శిస్తు కట్టే పద్ధతిని ఇక్కడ పాదుకొల్పింది ఆయనే. వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం చూసే మా నాన్నకు నా సంగతి విడమరచి చెబితే వెంటనే అర్థమైంది. అయితే ఆ మన్రో కూడా 1807లో వెళ్లిపోయే ముందు ఈ శిస్తు ఎక్కువైంది, పాతిక శాతం తగ్గించండని పైవారికి రాశాడు. తమ విషయంలో అలాంటి ఉత్తరం రాసిన అధికారి ఇంకా నా కంటపడలేదు.

బంధువుల సంగతి చెప్పనే అక్కరలేదు. "కంపెనీలో వాటా ఉందటగా అల్లుడూ, ఆ బోరు వేయించడానికి ఏమైనా సర్దుతావా" అని మేనమామ. తమరిని చూపిస్తే బ్యాంకు మేనేజరు అప్పు ఇవ్వడు, ఇదివరకు జీతం పడిన చీటీలు తెమ్మంటాడు. ఆ రెండింటి మధ్య తిరుగుతున్నాను.

సరే, ఇవన్నీ భరిస్తాను. ఒక్కటి మాత్రం మింగుడు పడడం లేదు. 800 నుంచి 200కు పడిపోయారు కదా, ఆ 600 నష్టాన్ని నేను కట్టిన పన్నులో ఎందుకు తగ్గించరని అడిగాను. ఆడిటర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పారు. పెరిగిన 790 జీతం. తరిగిన 600 మూలధన నష్టం. జీతానికి, దానికి సంబంధం లేదు. ఎనిమిదేళ్లు మోసుకుంటూ తిరగవచ్చు, ఆలోగా ఏ షేర్లలోనో స్థలంలోనో లాభం వస్తే అందులోంచి తగ్గించి చూపించుకోవచ్చు. ఉద్యోగమే లేని నాకు స్థలంలో లాభం!

ఎవరి తెలివి ఇది? పైకి వెళ్లినప్పుడు నువ్వు నా జీతానివి, కిందికి దిగగానే నాకేమీ కానివాడివి. 18 లక్షల నష్టం నెత్తిన పెట్టి, జీతం తిన్నావు కదా అంటే ఏమనాలి? ఏ పూట తిన్నాను? ఆ 23,70,000లో ఒక్క రూపాయి నా చేతిలోకి వచ్చిందా? చేతిలోంచి పోయింది మాత్రం పన్ను, వాటాల ధర కలిపి 7,69,440. ఇవాళ 200 చొప్పున నిన్ను మొత్తం అమ్మినా 6 లక్షలు. కలిసొచ్చిన సంపద పేరుతో లక్షా 69 వేలు నేనే ఎదురిచ్చాను. పోనీ అమ్మి ఆ నష్టాన్నైనా రాసుకుందామంటే కొనే నాథుడు లేడు. అమ్మనిదే నష్టాన్ని నష్టంగా కూడా ఒప్పుకోరట. దగ్గరుండి మోసం చేసినవాడు కూడా ఇంత పద్ధతిగా చేయడు.

అయినా నిన్ను వదిలించుకోలేను. ఎప్పుడో ఒకనాడు ఆ కంపెనీ మార్కెట్‌లో నమోదైతే అన్న ఆలోచన రాత్రిళ్లు వచ్చి పోతూనే ఉంది. పొద్దున లేవగానే వారి గురించి వార్తలేమైనా వచ్చాయా అని ఫోను చూస్తున్నాను. నాలుగేళ్లు కలిసి తిరిగినవాళ్లం కదా.

అన్నట్టు, నువ్వు ఉంటున్న డీమ్యాట్ ఖాతాకు ఈ ఏడాది నిర్వహణ రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ నా పొదుపు ఖాతాలోంచి కోసుకున్నారు. బైబ్యాక్ సంగతి తర్వాత చూసుకుందాం, ముందు నీ అద్దె నువ్వు కట్టుకో.

ఇట్లు,
3,000 వాటాల యజమాని