టీషర్టు కోసం పంపిన ప్యాచ్‌లు

మన సంఘాలు జరిపే ఉద్యోగ సదస్సుల్లో ఒక సలహా తరచుగా వినిపిస్తోంది: ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగల) ప్రాజెక్టులకు ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చేసిన మార్పులు, పంపితే రెజ్యూమేకు విలువ పెరుగుతుందని. నిజమే. ఎలా పంపాలో చెప్పేవారే తక్కువ.

2020లో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ఉత్సవం నాలుగు పుల్ రిక్వెస్టులకు (మా మార్పును చేర్చుకోండని పంపే అభ్యర్థనలకు) ఒక టీషర్టు ఇస్తామనగానే, ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో ఏదో ఒక విశేషణం చేర్చి పంపినవాళ్లతో ప్రాజెక్టులు మునిగిపోయాయి. అక్టోబరు మొదట్లోనే నిర్వాహకులు నిబంధన మార్చుకోవలసి వచ్చింది. 2024లో, వెబ్‌సైట్లు కట్టేందుకు వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుదీ అదే అవస్థ. ఒక వీడియో పాఠంలో చూపిన ఉదాహరణను యథాతథంగా అనుసరించి, మన దేశపు విద్యార్థులు ఎందరో రీడ్‌మీలో తమ పేర్లు రాసి పంపారు. అవన్నీ ఒక్కొక్కటిగా మూసేది ఎవరు? చాలాచోట్ల ఆ పని జీతం లేకుండా, తీరిక వేళల్లో చేసేవాళ్లే.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌కు ప్యాచ్‌లు పంపే నియమాలు కొందరికి చాదస్తంగా తోస్తాయి. నాకు మాత్రం అవి మర్యాద పాఠాలే. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. లోపం సరిదిద్దుతూ పనిలో పనిగా పక్క లైన్ల ఖాళీలు కూడా సర్దితే, అసలు మార్పు ఎక్కడుందో చదివేవారు వెతుక్కోవాలి. రేపు అది బెడిసికొడితే దాన్నొక్కదాన్నే వెనక్కి తీయడమూ కష్టం. ఏం మార్చారో కోడే చెబుతుంది కనుక, ఎందుకు మార్చారో, వాడేవారికి ఏ ఇబ్బంది కలుగుతోందో వివరణలో రాయాలి. చివర సైన్డ్-ఆఫ్-బై వరుస ఉండాలి. లినక్స్‌లో తన కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ వేసిన వ్యాజ్యాల నేపథ్యంలో 2004లో వచ్చిన ఈ సంతకం, ఆ కోడ్ పంపే హక్కు తనకుందని పంపినవారు ఇచ్చే హామీ. ఏఐ రాసిచ్చినదాన్ని చదవకుండానే పంపేవాళ్లు ఏ ధైర్యంతో ఆ హామీ ఇస్తున్నారో!

పంపాక కనీసం వారం ఆగాలి. మార్పులు అడిగితే చేసి, వీ2 (రెండో రూపం) అని గుర్తు పెట్టి, మొదటిదానికీ దీనికీ తేడా రాసి మళ్లీ పంపాలి. మనవాళ్లు కొందరు రోజూ "సర్, దయచేసి చూడండి" అని వెంటపడతారు. నాలుగు ప్రశ్నలు ఎదురైతే జవాబివ్వకుండా మాయమవుతారు. ఇందులో రెండోదే ఎక్కువ నష్టం: సమీక్షకు పెట్టిన సమయమంతా వృథా.

వచ్చే సదస్సులో రెజ్యూమేలకు కేటాయించే సమయంలో సగం దీనికి ఇవ్వాలని నా కోరిక. విద్యార్థులను తాము రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎదురైన ఒక్క లోపాన్ని, అది మళ్లీ ఎలా కనబడుతుందో రాసుకుని రమ్మనండి. ప్యాచ్ సంగతి ఆ తరువాత చూద్దాం.