మధ్యలో మానేసినవాళ్లది బద్ధకం కాదు

ఆన్‌లైన్ కోర్సులో చేరి మధ్యలో ఆపేసిన పెద్దవాళ్ల గురించి "పట్టుదల లేదండీ వాళ్లకి" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దంతా షాపులో లెక్కలు రాసి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల హోంవర్క్ చూసి, అందరూ పడుకున్నాక ఫోన్‌లో జీఎస్టీ పాఠం పెట్టుకునే మనిషికి పట్టుదల లేదా? ఆ వేళకి మెలకువగా ఉండడమే పట్టుదల!

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో అమెరికా యూనివర్సిటీలు హార్వర్డ్, ఎంఐటీ పెట్టిన కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా వచ్చింది నూటికి ముగ్గురే. 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన లెక్క ఇది. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తి చేశారు. ఇది చూసి, ఫీజు గట్టిగా తీసుకుంటే అందరూ బుద్ధిగా చదువుతారని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కావాలని డబ్బు కట్టిన మనిషి, ఈ చదువు తనకెందుకో ముందే తేల్చుకుని వస్తాడు. ఆ స్పష్టత లేని మనిషికి ఈఎంఐ అంటగడితే పాఠం ఆగిపోతుంది, కంతులు మాత్రం ఆగవు.

పెద్దవాళ్ల చదువు ఎలా నిలబడుతుందో మనకి ఎప్పటినుంచో తెలుసు. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, దేశంలోనే మొదటిది. దూరవిద్యే అయినా ఊరూరా స్టడీ సెంటర్లు పెట్టింది. ఆ ఆదివారం క్లాసుల్లో నేను పాఠాలు చెప్పాను. కండక్టర్లు, హోంగార్డులు, అంగన్‌వాడీ టీచర్లు వచ్చేవాళ్లు. పాఠం పుస్తకంలో ఉంటుంది, ఇంట్లోనే చదువుకోవచ్చు. అయినా సెలవు రోజున బస్సెక్కి ఎందుకొచ్చేవాళ్లు? "పోయిన వారం కనపడలేదేంటక్కా?" అని అడిగే మనిషి అక్కడ పక్క బెంచీలో ఉంటుంది కాబట్టి. ఒకరి నోట్సు ఇంకొకరు తీసుకుని, పరీక్ష ఫీజుకి ఆఖరి తేదీ ఒకరికొకరు గుర్తుచేసుకుంటూ డిగ్రీ గట్టెక్కినవాళ్లు ఎంతమందో.

యాప్ ఏం చేస్తుంది? వెనకబడిన ప్రతి ఒక్కరికీ ఒకే మెసేజ్ పంపుతుంది. రోజూ వస్తే బ్యాడ్జి ఇస్తుంది, ఒక్కరోజు తప్పితే లెక్క మళ్లీ సున్నా. అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చిన మనిషికి ఆ సున్నా చూపిస్తే ఇంకా చదవబుద్ధవుతుందా? ఈ విషయంలో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు, ఎన్‌పీటెల్ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. 12 వారాల కోర్సులో వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది, గడువు కచ్చితం. కానీ మార్కులకి లెక్కేసేది బాగా వచ్చిన 8 మాత్రమే. నాలుగు వారాలు తప్పినా పరవాలేదన్నమాట. సంసారాలున్నవాళ్లకి కావాల్సింది సరిగ్గా ఇలాంటి వెసులుబాటే.

ఇంకొకటి, మొదటి వారంలోనే చేతికి ఏదో ఒకటి అందాలి. కంప్యూటర్ చరిత్రతో మొదలుపెట్టకండి దయచేసి. షాపులో పనిచేసే ఆమె రెండో రోజుకే తన షాపు బిల్లు తనే తయారుచేసుకోగలిగితే, మూడో రోజు ఎవరూ పిలవకుండానే వస్తుంది. డౌటు టైపు చేయమంటే సగంమంది అడగరు. తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టమనండి, ఎన్ని డౌట్లు వస్తాయో చూడండి.

కోర్సు అమ్మేదాకా పొద్దున, సాయంత్రం ఫోన్లు చేస్తారు. చేరిన మనిషి రెండు వారాలు కనిపించకపోతే ఒక్కరూ చేయరు. కోర్సులు నడిపేవాళ్లు ముందు ఈ పనికి మనుషుల్ని పెట్టాలి. ముప్ఫై మందికి ఒకరు చాలు, చేరినవాళ్లు పేరుపేరునా తెలిసిన మనిషైతే చాలు. ఎందుకు రాలేదని నిలదీయొద్దు. ఈ వారం మీకు ఏ పూట కుదురుతుందని అడిగి, ఆ పూటే పాఠం పెట్టండి.