ఫస్ట్ బేస్ మీద కనకాంబరం చీర

గుంటూరులో పుట్టిన మగాడి చేతికి బ్యాటు లాంటిది ఏదిచ్చినా, ఆ తర్వాత జరిగేది క్రికెట్టే. ఈ సంగతి మా అపార్ట్‌మెంటు రెండో ఫ్లోర్ వారి అల్లుడు గారికి తెలియంది కాదు. ఆయనదీ పట్టాభిపురమే. కాకపోతే డల్లాస్‌లో ఉండి ఉండి మర్చిపోయాడు. మొన్న సంక్రాంతికి చాక్లెట్లతో పాటు సాఫ్ట్‌బాల్ కిట్టు కూడా పట్టుకొచ్చి, కనుమ వెళ్లిన మర్నాడు ఆడా మగా అందరం కలిసి ఆడదామన్నాడు. పండగ గారెలు ఇంకా అరగని జనం సరేనన్నారు.

రూల్స్ చెప్పడానికి సెల్లార్లో మీటింగు పెట్టాడు. ముందు చరిత్ర. 1887లో షికాగోలో ఒక క్లబ్బు హాల్లో కొందరు కుర్రాళ్లు ఒక బాక్సింగ్ గ్లౌజుని బంతిలా కట్టి, చీపురు కర్రతో కొట్టారట, అదే ఈ ఆటకి మొదలట. చీపురు అనగానే వెనక కూర్చున్న ఆడవాళ్లకి ఆట మీద మంచి అభిప్రాయం ఏర్పడింది.

తర్వాత అసలు లెక్క. జట్టుకి పదిమంది, ఐదుగురు ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. బ్యాటింగుకి ఒక మగ, ఒక ఆడ, అలా మార్చి మార్చి రావాలి. ఫీల్డింగులోనూ అంతే. ఔట్‌ఫీల్డులో ఇద్దరిద్దరు, ఇన్‌ఫీల్డులో ఇద్దరిద్దరు, బంతి వేసే పిచర్ ఆడమనిషైతే, బ్యాటర్ వెనక నిలబడి పట్టే క్యాచర్ మగమనిషి, లేకపోతే అటుది ఇటు. ఆడవాళ్లందర్నీ దూరంగా చెట్టు కింద నిలబెట్టి ఆట మగవాళ్లం చూసుకుందామనుకున్న సెక్రటరీ గారి ప్లాను అక్కడే పోయింది. బంతులు కూడా రెండు. మగవాళ్లకి చుట్టుకొలత 12 అంగుళాలది, ఆడవాళ్లకి 11 అంగుళాలది. బ్యాటర్ మారినప్పుడల్లా బంతి మార్చే డ్యూటీ వాచ్‌మన్ కొడుక్కి పడింది. స్కోరు రాసే పని నాకు పడింది.

సెక్రటరీ గారికి మనసుకి పట్టిన రూలు ఒక్కటే. పిచర్ నాలుగు బంతులు సరిగ్గా వేయకపోతే బ్యాటర్ ఊరికే నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి, అంటే పరుగు తీసేవాళ్లు వరసగా తొక్కాల్సిన గుర్తుల్లో మొదటిదానికి, వెళ్లిపోవచ్చు. అదే మగ బ్యాటరైతే చాలా లీగుల్లో ఏకంగా రెండు బేస్‌లు ఇస్తారు. లేకపోతే గట్టిగా కొట్టే మగవాడికి కావాలనే చెడ్డ బంతులేసి పంపేసి, వెనకొచ్చే ఆడమనిషిని ఔట్ చేద్దామని చూస్తారని ఈ ఏర్పాటు. అప్పటికే ఇద్దరు ఔటై ఉంటే ఆవిడ కూడా బ్యాటు పట్టకుండా నడిచి వెళ్లిపోవచ్చు, ఇష్టమైతే ఆడొచ్చు. "డాక్టరు ఎలాగూ రోజూ నడవమంటున్నాడు" అని సెక్రటరీ గారు, బ్యాటు ఊపకూడదని నిర్ణయించుకుని మరీ దిగారు.

కానీ అవతల పిచింగ్‌కి దిగింది ఐదో ఫ్లోర్ పిన్ని గారు. మేం ఆడే ఈ ‘స్లో పిచ్’ రకంలో బంతి కింద నుంచి చెయ్యి తిప్పి వేయాలి. అది గాల్లో ఆరడుగులకి తగ్గకుండా, అలాగని మరీ ఎత్తుకి పోకుండా వంపు తిరిగి దిగాలి. మగవాళ్లు ఒక్కరూ వేయలేకపోయారు. ఒకాయన నాలుగడుగులు వెనక్కెళ్లి రనప్ తీసుకున్నాడు. ఇంకొకాయన లెగ్ స్పిన్ వేశాడు. పిన్ని గారు మాత్రం కాగే నూనెలో గారె జార్చినట్టు వదిలారు బంతిని. సెక్రటరీ గారు నడక కోసం నిలబడి, నిలబడి, సరిగ్గా పడ్డ మూడు బంతులూ వదిలేసి, మూడు స్ట్రయికులకి ఔటయ్యారు.

నాకు అక్కడే అర్థమైంది. ఆడవాళ్లకి రూల్స్ ఇట్టే వచ్చేశాయి, ఎందుకంటే వాళ్లకి మర్చిపోవాల్సిన క్రికెట్ లేదు. మగవాళ్ల పరిస్థితి వేరు. మూడో ఫ్లోర్ బాబాయి గారు జిల్లా స్థాయిలో ఆడినవారు (ఏ జిల్లా, ఏ స్థాయి అన్నది ఎవరూ అడగరు). బంతిని ముద్దుగా వెనక్కి కట్ చేసి, ఫోరు పోయిందని బ్యాటెత్తి జనానికి చూపించారు. "అది ఫౌల్ అంకుల్, ముందున్న రెండు గీతల మధ్యే కొట్టాలి" అన్నాడు అల్లుడు గారు. "లేట్ కట్ ఫౌలేందయ్యా! ఎవడు రాశాడీ రూల్సు?" అని బాబాయి గారు చాలాసేపు క్రీజులోనే ఉన్నారు. ఆ తర్వాత బంతి నిజంగానే ముందుకి తగిలింది. బ్యాటు చంకలో పెట్టుకుని పరిగెత్తారు, ఫస్ట్ బేస్ దగ్గర వంగి కాలికి బదులు బ్యాటు ఆనించారు, గిర్రున తిరిగి రెండో రన్నుకి వెనక్కొచ్చేశారు. సెకండ్ బేస్ ఎటుందో ఆయన చివరిదాకా చూడలేదు.

ఇక ఫస్ట్ బేస్ సంగతి. అల్లుడు గారి కిట్టులో బేస్‌లు లేవు. బియ్యం బస్తాల్లో ఇసక పోసి సర్దారు. ఫస్ట్ బేస్‌కి మాత్రం రెండు భాగాలుండాలన్నాడాయన. తెల్లది ఫీల్డర్‌కి, పక్కనే గీత అవతల ఉండే ఆరెంజ్‌ది పరిగెత్తుకొచ్చే వాళ్లకి. ఇద్దరూ ఒకే బస్తా మీద కాలుపెట్టబోయి గుద్దుకోకుండా ఈ జాగ్రత్త. ఆడా మగా కలిసి ఆడేచోట ఇది ఉంటేనే మంచిదని గట్టిగా చెప్పాడు. ఆరెంజ్ గుడ్డ బాధ్యత సెక్రటరీ గారు తీసుకుని, ఇంట్లో ఎవరినీ అడక్కుండా ఏదో పాత గుడ్డ తెచ్చి బస్తాకి చుట్టి, పురికొసతో బిగించారు.

మొగుడూ పెళ్లాలు ఒకే జట్టులో ఉంటే ఇంటి గొడవలు గ్రౌండులోకొస్తాయని చెరో జట్టులో వేశారు. అలా సెక్రటరీ గారు ఫస్ట్ బేస్‌లో నిలబడ్డారు, ఆయన ఆవిడ బ్యాటింగుకొచ్చారు. ఆవిడ మొదటి బంతినే రెండు గీతల మధ్య, నేల మీదుగా కొట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని పరుగందుకున్నారు. సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ దగ్గర బంతి చేజారింది. ఆవిడ తేలిగ్గా చేరిపోవాలి. బేస్‌కి అడుగు దూరంలో టక్కున ఆగిపోయారు.

"తొక్కండి ఆంటీ! ఆరెంజ్ తొక్కండి!" అని జట్టంతా అరుపులు.

ఆవిడ తొక్కలేదు. వంగి చూశారు. పురికొస కింద నుంచి మట్టి కొట్టుకున్న నిజాం అంచు మెరుస్తోంది. మంగళగిరి పట్టు, కనకాంబరం రంగు. గృహప్రవేశానికి వాళ్లమ్మ పెట్టిన చీర.

ఆ లోపు బంతి వచ్చింది. సెక్రటరీ గారు పట్టారు, ఆ రోజు ఆయన చేతికి చిక్కిన మొదటి బంతి అదే. కాలు తెల్ల బస్తా మీద ఆనించి, చెయ్యి పైకెత్తి, "ఔట్! ఔట్!" అని గెంతారు. చుట్టూ ఎవరూ చప్పట్లు కొట్టకపోయేసరికి కిందకి చూశారు.

"ఏమండీ, ఇదేంటి?"

"ఫస్ట్ బేసు."

"ఆ సంగతి కాదు నేనడిగేది."

ఆవిడ అక్కడే కూర్చుని పురికొస ముడి విప్పడం మొదలుపెట్టారు. రన్నర్ బేస్‌ని పట్టుకుపోతే ఏం చేయాలని అల్లుడు గారు ఫోన్‌లో రూల్‌బుక్కు తిప్పుతూనే ఉన్నాడు. పిన్ని గారు వెళ్లి ముడి విప్పడంలో సాయం పట్టారు. మ్యాచ్ అక్కడితో సరి. స్కోరు నా దగ్గరుంది, ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి మెయింటెనెన్స్ లెక్కల్లో ‘ఆట సామాన్లు – ఫస్ట్ బేస్ కవరు, రూ. 4,800’ అని ఒక బిల్లు కనిపించింది. పట్నం బజారులో మీటరు గుడ్డ అంత ఎందుకవుతుందని ట్రెజరర్ గారు నిలదీశారు. సెక్రటరీ గారు సీలింగు వైపు చూశారు. కో-ఎడ్, అంటే ఆడా మగా కలిసిన అపార్ట్‌మెంటు కాబట్టి ఓటింగు పెడదామన్నారు పిన్ని గారు. ఆడవాళ్ల చేతులన్నీ ఒక్కసారే లేచాయి. ఆ వెనకే, పక్కనున్న వాళ్ల మొహాలు చూసుకుంటూ, మగవాళ్లవి కూడా.