కోడ్ 13: జాతకాలు కలవలేదు

ఒక సర్వర్ ఇంకో సర్వర్‌ని పని అడిగినప్పుడు ఆ పని కాకపోతే, ఎందుకు కాలేదో ఉన్నదున్నట్టు చెప్పాలని కొందరు కుర్ర ఇంజినీర్లు ఈ మధ్య పట్టుబడుతున్నారు. చాలా ప్రమాదకరమైన ధోరణి ఇది, మొగ్గలోనే తుంచేయాలి. ఈరోజు ఎర్రర్ కోడ్ నిజం చెప్పిందంటే రేపు స్టేటస్ మీటింగ్‌లో మనిషి కూడా నిజం చెప్పాల్సి వస్తుంది. ఆ తర్వాత ఈ రంగంలో ఎవరి ఉద్యోగం మిగులుతుందో మీరే ఆలోచించుకోండి.

నిజానికి మన పెద్దవాళ్ళు ఈ సమస్యని ఎప్పుడో తేల్చేశారు. పెళ్ళిసంబంధం నచ్చలేదనుకోండి. అబ్బాయి జీతం తక్కువ కావచ్చు, అత్తగారి నోరు పెద్దది కావచ్చు, ఇల్లు ఇంకా లోన్‌లో ఉండొచ్చు, కారణాలు వంద. అవతలివాళ్ళకి చెప్పేది మాత్రం ఒక్కటే: "జాతకాలు కలవలేదండీ." ఎవరి మనసూ నొచ్చుకోదు, ఎదురు ప్రశ్న ఉండదు, ఉన్నా అది పంతులుగారి మీదకి పోతుంది. సరిగ్గా ఈ పనికోసమే, సర్వర్లు ఒకదాన్నొకటి పని అడగడానికి వాడే జీఆర్‌పీసీలో కోడ్ 13 ఉంది, పేరు ఇంటర్నల్, అంటే లోపల ఏదో పాడైందని. గూగుల్ 2015లో జీఆర్‌పీసీని బయటికి వదిలింది. అందులో ఉన్న స్టేటస్ కోడ్లు 0 నుంచి 16 దాకా. నువ్వు పంపిందే తప్పయితే 3, అడిగింది లేకపోతే 5, నువ్వెవరో తెలుసు కానీ నీకు అనుమతి లేదంటే 7, అసలు నువ్వెవరో తెలియకపోతే 16. పంపింది కరెక్టే, కానీ సిస్టమ్ ఇప్పుడు ఆ స్థితిలో లేదంటే 9. ఇంత వివరంగా ఎవరడిగారు? ప్రోగ్రామ్ మొత్తాన్ని ట్రై-క్యాచ్ అనే తప్పులు పట్టే వలలో చుట్టేసి, లోపల ఏం పేలినా 13 పంపేస్తే గౌరవంగా ఉంటుంది, పైగా సాయంత్రం ఆరుకల్లా ఇంటికి వెళ్ళొచ్చు.

కొందరు 14 కూడా వాడుతుంటారు, అన్‌అవైలబుల్. ఇది "కనుక్కుని మళ్ళీ ఫోన్ చేస్తాం" రకం. ఇక్కడ కొంచెం జాగ్రత్త, ఎందుకంటే 14 వస్తే క్లయింట్, అంటే పని అడిగిన ప్రోగ్రామ్, నిజంగానే నమ్మి కాసేపాగి మళ్ళీ అడుగుతుంది. 3 వస్తే ఎన్నిసార్లు అడిగినా లాభం లేదని ఊరుకుంటుంది. అసలు ఈ కోడ్లు పెట్టిందే అవతలివాడు మళ్ళీ అడగాలా, ఊరుకోవాలా తేల్చుకోవడానికట. మనం అన్నిటికీ 13 ఇస్తాం కాబట్టి ఆ తేల్చుకునే భారం వాడికి ఉండదు. వాడు అన్నిటికీ మళ్ళీ అడుగుతాడు.

వెనకటి తరం దీనికి పూర్తిగా విరుద్ధం, వాళ్ళకి మొహమాటమే లేదు. 1988లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళ ఆర్‌పీసీని, అంటే ఒక మెషీన్ ఇంకో మెషీన్‌కి పని చెప్పే పద్ధతిని, ఆర్‌ఎఫ్‌సీ 1057 అనే ఇంటర్నెట్ పత్రంగా రాశారు. అందులో ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక నంబర్, ప్రతి ప్రోగ్రామ్‌కీ వెర్షన్ నంబర్, అందులో ప్రతి ప్రొసీజర్‌కీ, అంటే అది చేసే ఒక్కో పనికీ, ఇంకో నంబర్. నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌ది 100003. మీరు వెర్షన్ 2 కావాలని అడిగారు, సర్వర్ దగ్గర 3, 4 మాత్రమే ఉన్నాయి. అప్పుడది "వెర్షన్ కుదరలేదు, నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పాతది 3, కొత్తది 4" అని రెండు అంకెలూ జవాబులోనే పెట్టి పంపిస్తుంది! ప్రోగ్రామే లేకపోతే ఒక కోడ్, ప్రొసీజర్ లేకపోతే వేరే కోడ్, మీరు పంపిన ఆర్గ్యుమెంట్లు అర్థంకాకపోతే మొహంమీదే "గార్బేజ్ ఆర్గ్స్". ఇప్పటి యాప్ అయితే ఎంత సంస్కారంగా "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని ఒక బాధపడే బొమ్మ చూపిస్తుందో చూడండి.

ఇక వెర్షనింగ్ సంగతి. జీఆర్‌పీసీలో మెసేజ్‌లు మామూలుగా ప్రోటోబఫ్ అనే ఫార్మాట్‌లో వెళ్తాయి. అందులో ఫీల్డ్ పేర్లు, అంటే ఒక్కో సమాచారం గడి పేర్లు, నెట్‌వర్క్ మీద వెళ్ళవు, విలువతో పాటు గడి నంబరూ, అది ఏ తరహా విలువో మాత్రమే వెళ్తాయి. అందుకని ఒక ఫీల్డ్ తీసేస్తే దాని నంబర్ ఇంకెప్పటికీ వాడకూడదని, ఆ నంబర్‌ని రిజర్వ్‌డ్ అని ఒక లైను రాసిపెట్టాలని, రాస్తే కంపైలరే అడ్డుకుంటుందని చాదస్తులు చెబుతారు. కానీ 1 నుంచి 15 దాకా నంబర్లకి ట్యాగ్, అంటే నంబరూ తరహా కలిపి రాసే గుర్తు, ఒక్క బైటులో సరిపోతుంది, 16 నుంచి రెండు బైట్లు. మధ్యతరగతిలో పుట్టి పెరిగినవాళ్ళం, ఒక బైటు ఊరికే పోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం? కాబట్టి ఖాళీ అయిన నంబర్ కనిపించగానే వాడేయాలి.

ఒక ఫుడ్ యాప్ ఉందనుకోండి. ఆర్డర్ మెసేజ్‌లో 5వ ఫీల్డ్ కస్టమర్ వయసు. ఆ వయసు ఎవరూ చూడట్లేదని తీసేశారు. మూడు నెలల తర్వాత ఇంకో టీమ్ వచ్చి, 5 ఖాళీగా ఉంది కదా అని "ఎన్ని ప్లేట్లు" అనే ఫీల్డ్ అక్కడ పెట్టింది. రెండూ పూర్ణాంకాలే, టైపు కూడా కలిసింది, టెస్టులన్నీ పాస్. ఫోన్లో యాప్ అప్‌డేట్ చేయడం తన సిద్ధాంతాలకి విరుద్ధమని నమ్మే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, వయసు 67, ఆదివారం మధ్యాహ్నం ఒక బిర్యానీ ఆర్డర్ పెట్టారు. పాత యాప్ ఎప్పటిలాగే ఆయన వయసు పంపింది. సర్వర్‌కి ఎక్కడా అనుమానం రాలేదు, రావడానికి ఎర్రర్ ఉంటే కదా! 67 బిర్యానీలు బయల్దేరాయి. దీన్ని బగ్ అనడం ఏమిటండీ, సేల్స్ టీమ్‌ని అడిగి చూడండి ఏమంటారో.

జీరో ఇంకా గొప్పది. ప్రోటోబఫ్ మూడో వెర్షన్ ప్రోటో3లో ఈనమ్‌లో, అంటే ఇచ్చిన విలువల్లో ఒకటి ఎంచుకునే జాబితాలో, మొదటి విలువ 0 అయి తీరాలి, పంపనివాళ్ళు 0 పంపినట్టే లెక్క కాబట్టి, ఫీల్డ్ నింపకపోతే అవతల 0గానే చదువుతారు. అందుకే ఆ 0కి "అన్‌స్పెసిఫైడ్" అని ఏ అర్థమూ లేని పేరు పెట్టమని గూగుల్ వాళ్ళ గైడ్ చెబుతుంది. మనవాళ్ళకి అర్థంలేని పేర్లు నచ్చవు. లోన్ స్టేటస్‌లో మొదటిది ఏమిటి, "అప్రూవ్‌డ్", శుభమా అని మొదట మంచి మాటే ఉండాలి కదా. ఇక ఏ పాత క్లయింట్ ఆ ఫీల్డ్ నింపడం మర్చిపోయినా లోన్ శాంక్షన్.

డిప్రికేటెడ్, అంటే ఇక వాడొద్దని పెట్టే గుర్తు, దాని గురించి ఒక్క మాట. ఫీల్డ్ పక్కన అది రాస్తే కొన్ని భాషల్లో కంపైల్ చేసేటప్పుడు ఒక వార్నింగ్ వస్తుంది, అంతే. రన్ అయ్యేటప్పుడు ఏమీ మారదు, ఫీల్డ్ నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. పాత వెర్షన్ వీ1ని వచ్చే క్వార్టర్‌లో తీసేస్తామని మెయిల్ పంపడం కూడా అలాంటిదే, ఆ మెయిల్ పంపినవాడు కంపెనీ మారతాడు గానీ వీ1 మారదు.

అన్నిటికంటే నాకు ఎంతో ఇష్టమైన విషయం టైమౌట్. పని చెప్పాం, ఐదు సెకన్లు చూశాం, జవాబు రాలేదు. పని అయిందా, కాలేదా? ఈ ప్రశ్నకి జవాబు లేదని 1984లోనే, జెరాక్స్ పార్క్ అనే పరిశోధనశాలలో పనిచేసిన బిరెల్, నెల్సన్ తమ ఆర్‌పీసీ పేపర్లో ఒప్పేసుకున్నారు. ఎర్రర్ వస్తే ఆ ప్రొసీజర్ ఒకసారి నడిచి ఉండొచ్చు, అసలు నడవకపోయి ఉండొచ్చు, ఏది జరిగిందో మాత్రం చెప్పమన్నారు. తొంభైల్లో వెలిగిన కోర్బా, అదీ ఇలా ఇంకో మెషీన్‌కి పని చెప్పే పద్ధతే, ఇంకో అడుగు ముందుకేసి, ఎర్రర్‌తోపాటు పని పూర్తయిందో లేదో చెప్పే స్టేటస్ ఒకటి పెట్టింది. అందులో మూడు విలువలు: అయింది, కాలేదు, అయ్యుండొచ్చు. మూడోదాని పేరు "కంప్లీటెడ్ మేబీ". సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇంత నిజాయితీ గల పదం ఇంకోటి లేదు, దాన్ని చూసి నేను కూడా కాస్త సిగ్గుపడ్డాను. జీఆర్‌పీసీలో కోడ్ 4 కూడా అదే బాపతు, గడువు దాటిందని చెబుతుంది. దాని వివరణలోనే ఉంటుంది, పని విజయవంతంగా పూర్తయ్యాక కూడా ఈ ఎర్రర్ రావచ్చని.

ఈ "అయ్యుండొచ్చు" మనకి కొత్తేం కాదు, కూరగాయల బండి దగ్గర యూపీఐ స్కాన్ చేసి, అకౌంట్లో డబ్బులు కట్ అయ్యి, స్క్రీన్ మీద పెండింగ్ అని తిరుగుతుంటే, బండి ఆవిడ "రాలేదు బాబూ" అంటుంటే, వెనకాల నలుగురు చూస్తుంటే తెలుస్తుంది కంప్లీటెడ్ మేబీ అంటే ఏమిటో. ఇక్కడ రిజర్వ్ బ్యాంక్ చేసిన పని చూడండి. 2019 సెప్టెంబర్‌లో ఒక సర్క్యులర్ ఇచ్చి, యూపీఐలో ఒకరు ఇంకొకరికి పంపిన డబ్బు కట్ అయి అవతల జమ కాకపోతే మరుసటి రోజుకల్లా దానంతటదే వెనక్కి రావాలని, ఆ తర్వాత ఆలస్యమయ్యే ప్రతి రోజుకీ కస్టమర్‌కి 100 రూపాయలు ఇవ్వాలని పెట్టేసింది. ఎర్రర్‌కి రేటు కట్టడమేమిటండీ! ఈ పద్ధతి మిగతా కంపెనీలకి పాకిందంటే, లాగ్స్‌లో ఒక లైను రాసేసి చేతులు దులుపుకునే మా వర్గం ఏమైపోవాలి?

మళ్ళీ అడగడం దగ్గర కూడా చాదస్తులు వదలరు. ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక ఐడీ ఇచ్చి, అదే ఐడీ రెండోసారి వస్తే పని మళ్ళీ చేయకుండా పాత జవాబే ఇవ్వాలట. మళ్ళీ అడిగే ముందు ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాలట, అందరూ ఒకేసారి మీదపడకుండా. మన దగ్గర పట్టుదలకి ఇచ్చే విలువ వాళ్ళకి తెలియదు. యాప్ గేట్‌వేని, అంటే లోపలి సర్వీసుల ముందు గుమ్మంలా ఉండే సర్వర్‌ని, మూడుసార్లు అడుగుతుంది, గేట్‌వే అడిగిన ప్రతిసారీ ఆర్డర్ సర్వీస్‌ని మూడుసార్లు, అది పేమెంట్ సర్వీస్‌ని మూడుసార్లు. అప్పటికే ఊపిరాడక పడిపోయిన పేమెంట్ సర్వీస్‌కి ఒక్క కస్టమర్ తరఫున 27 రిక్వెస్ట్‌లు. ఆన్‌కాల్ కుర్రాడు అర్ధరాత్రి లేచి చూస్తే ట్రాఫిక్ బ్రహ్మాండంగా పెరిగినట్టు కనిపిస్తుంది, అది కూడా మార్కెటింగ్ స్లైడ్‌లో వేసుకోవచ్చు.

అతనికి డ్యాష్‌బోర్డ్‌లో ఎరుపు కనిపించదు, అది ఇంకో సౌకర్యం. జీఆర్‌పీసీలో పని ఫెయిలైనా దాన్ని మోసుకెళ్ళే హెచ్‌టీటీపీ స్టేటస్ మామూలుగా 200గానే, అంటే అంతా బాగుందనే వెళ్తుంది, అసలు కోడ్ జవాబు చివర్లో ట్రెయిలర్ అనే భాగంలో వస్తుంది. కాబట్టి హెచ్‌టీటీపీ కోడ్లు మాత్రమే లెక్కపెట్టే డ్యాష్‌బోర్డ్ పెట్టుకుంటే జీవితాంతం పచ్చగా ఉంటుంది.

చివరికి ఎలాగూ ఆర్‌సీఏ, అంటే తప్పుకి అసలు కారణం చెప్పే రిపోర్ట్, అడుగుతారు, కంగారు పడొద్దు. రూట్ కాజ్ గడిలో "ఇంటర్‌మిటెంట్ నెట్‌వర్క్ ఇష్యూ" అని రాయండి. తీసుకున్న చర్య గడిలో టైమౌట్ 5 సెకన్ల నుంచి 30కి పెంచామని రాయండి. కాల్‌లో నెట్‌వర్క్ టీమ్ వాళ్ళు కూడా ఉన్నారని తెలిస్తే మాత్రం జాయిన్ అయ్యేలోపు దాన్ని "థర్డ్ పార్టీ" అని మార్చుకోండి.